దేవుడి పేరున కొన్న దున్నపోతు

తవిటయ్యకి వచ్చిన విద్యలు రెండు. ఒకటి కొబ్బరిచెట్టు ఎక్కడం, రెండోది దిగడం. రెంటిలోనూ దిగడమే గొప్ప విద్య అనేవాడాయన, ఎక్కినవాళ్ళందరూ దిగినట్టు దాఖలా లేదట. ఈ కాస్త సరుకుతో ఒక మనిషి పెద్ద తోటకి జీవితాంతం పెత్తందారుగా ఎలా ఉండగలిగాడని ఎవరైనా అడిగితే చెప్పాల్సిన జవాబు ఒకటే. అందులో ఆయన గొప్ప కొంత, ఒక దున్నపోతు గొప్ప కొంత, ఆయన భార్య దేముడమ్మ గొప్ప చాలా ఉంది.

వాళ్ళ ఊరు నడుమూరు. బరంపురానికీ ఇచ్ఛాపురానికీ మధ్య, పెద్దరోడ్డు దిగి సముద్రం వైపు ఇసకలో పడి నడిస్తే వస్తుంది. ఊరంతా తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, సంతలో ఒరియా, కోపం వస్తే రెండూ. ఊరి చివర ఉన్న పెద్ద కొబ్బరితోట మాత్రం బరంపురం బడా బజారులో ఉండే ఒక ముస్లిం కుటుంబానిది. ఆ వంశంలో ఒక పెద్దాయన, తన పిల్లలు ఆస్తి పంచుకోవడం మొదలుపెడితే చెట్టుకి మట్ట కూడా మిగలదని ముందే కనిపెట్టి, తోటని వక్ఫు చేసి కన్నుమూశాడు. వక్ఫు అంటే దేవుడికి రాసెయ్యడం. ఇక దాన్ని ఎవరూ అమ్మడానికి లేదు, ముక్కలు చెయ్యడానికి లేదు. కాయలు వంశంవాళ్ళు తినొచ్చు, వాళ్ళు తినగా మిగిలినదాంతో ఊళ్ళో పేదసాదలకి మేలు జరగాలి. ఇదంతా చూసుకునే పెద్దదిక్కుని ముతవల్లీ అంటారు. ఆ రోజుల్లో ముతవల్లీ, ఆ పెద్దాయన మనవరాలు సఫూరా బీబీ. నడుమూరుకి ఆవిడ బీబమ్మగారు.

తవిటయ్యకి ఆ పెత్తనం వచ్చిన తీరు కూడా తమాషాయే. బీబమ్మగారి వంశంలో నాలుగు ఇళ్ళవాళ్ళున్నారు. ఏ ఇంటివాణ్ణి తోటకి కాపలా పెట్టినా, మిగతా మూడు ఇళ్ళవాళ్ళు ఇంకో మనిషిని వాడికి కాపలా పెట్టేవారు. చివరికి తోటలో చెట్లకంటే కాపలాదారులు ఎక్కువైపోయారు. ఎవరికీ చుట్టం కానివాడు కావాలని వెతికితే తవిటయ్య దొరికాడు. హిందువు కాబట్టి ఆయన ఎవరికీ మేనల్లుడయ్యే ప్రమాదం లేదు. పైగా చెట్టు మీద ఉన్నా కింద ఉన్నా కడుపులో మాట దాచుకోలేడు. ఎన్ని కాయలు దించాడో, అందులో ఎన్ని తాను తాగాడో దారిన పోయేవాళ్ళందరికీ చెప్పేవాడు. ఇంతకంటే నమ్మకస్తుడు ఎక్కడ దొరుకుతాడు?

అది కోస్తా పొడుగునా రొయ్యల చెరువుల పిచ్చి మొదలైన కాలం. అంతవరకూ తోట మిగులుతో పేదలకి దుప్పట్లు పంచేవారు. చలికాలం పోయేసరికి దుప్పటీ పోయేది. ఇలా కాదు, ఊరు తన కాళ్ళ మీద నిలబడే పని చెయ్యాలని బీబమ్మగారికి అనిపించింది. నడుమూరు గేదెలు గ్లాసుడు పాలిచ్చి చెంబుడు కోపం చూపించే రకం. మంచి జాతి దున్నపోతు ఒకటి ఊరికి ఉంటే మంచి దూడలు పుడతాయి, పాలు పెరుగుతాయి, ఆడవాళ్ళు బరంపురం మిఠాయి కొట్లకి పాలు పోసుకుని బతుకుతారు. ఇదీ ఆవిడ ఆలోచన.

ఆవిడ మేనల్లుడు నయీం దీనికి అడ్డం తిరిగాడు. లారీలు నడిపే మనిషి, చురుకైనవాడు. తోట నరికి రొయ్యల చెరువులకి కౌలుకిద్దామన్నాడు. వాదులాట పెరిగి పెరిగి, నాలుగు ఇళ్ళవాళ్ళూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. వచ్చే ఏడాది మామిడిపళ్ళు అయిపోయేలోగా నడుమూరులో ఈ దున్నకి పుట్టిన దూడ ఒక్కటైనా కనిపించాలి. కనిపిస్తే తోట ఉంటుంది. కనిపించకపోతే తోట పోతుంది, తోటతోపాటు తవిటయ్య పెత్తనమూ పోతుంది. బీబమ్మగారు సరే అన్నారు. ఆరోగ్యంగా ఉన్న దున్నపోతు, ఊరినిండా గేదెలు, ఏడాది పైచిలుకు గడువు. ఇందులో ఓడిపోవాలంటే చాలా తెలివి కావాలి.

ఆ తెలివి తవిటయ్య దగ్గర ఉంది.

శివరాత్రి వెళ్ళాక దున్నని కొని, ఆయన్ని బడా బజారుకి పిలిపించి, దాని పలుపు చేతికిస్తూ బీబమ్మగారు చెప్పారు. "జాగ్రత్తగా విను తవిటయ్యా. ఈ దున్న నాది కాదు, నీదీ కాదు. తోటలాగే దీన్ని కూడా దేవుడి పేరున పెట్టాను. అమ్మకూడదు, ఎవరికీ ఇచ్చెయ్యకూడదు. నీ దొడ్లో కట్టుకుని నీ సొంతం అనిపించుకోకూడదు. ఊరందరికీ ఉపయోగపడాలి. తెలిసిందా?"

"తెలకేటి బీబమ్మగారూ! మా ఊళ్ళో అమ్మోరికి ఇడిసీది ఇలాగే గదా" అన్నాడు తవిటయ్య.

లోపల పొయ్యి మీద ఏదో మాడుతోంది. ఆవిడ సగం మాటే విని, "ఆఁ, అలాగే, జాగ్రత్త" అంటూ లోపలికి పరుగెత్తారు. మాడింది కూరే కాదు, ఆవిడ ఆలోచన కూడా. ఆ సంగతి ఆవిడకి చాలా కాలం తెలియలేదు.

ఎందుకంటే నడుమూరులో దేవుడికిచ్చిన పోతు అంటే ఒకటే అర్థం. అమ్మవారి పేరున పసుపు రాసి వదిలేస్తారు. ఇక దాన్ని కట్టెయ్యరు, కొట్టరు. ఎవరి చేలో మేసినా ఆ ఇంటికి శుభం. అన్నిటికన్నా ముఖ్యం, అది నిష్ఠలో ఉన్నట్టు లెక్క. దానిచేత దున్నించడం, బండి లాగించడం, దాన్ని గేదెల దగ్గరికి తోలడం మహాపాపం. పుట్టి బుద్ధెరిగాక తవిటయ్య చూసిన దేవుడి పోతులన్నీ ఇలాంటివే. ఇంకోరకం ఉంటుందని ఆయనకెలా తోస్తుంది?

పొలిమేరలో డప్పులు మోగాయి. దున్నపోతు నల్లగా, నిగనిగలాడుతూ, చుట్టలు తిరిగిన కొమ్ములతో దిగింది. ఊరు ఊరంతా నోరు తెరిచింది. అమ్మవారి పూజారి జగ్గన్న ముందుకొచ్చాడు. ఊళ్ళో దేవుళ్ళ వ్యవహారం ఏదైనా ఆయనదే చివరి మాట.

"మనమ్మోరికైతే పసుపు. మరి ఆల దేవుడికి ఏటి రాత్తాం?" అన్నాడు.

"ఆల దేవుడికి బొమ్మే ఉండదంట జగ్గన్నా. దేనికి రాత్తావు?" అన్నాడు తవిటయ్య.

"బొమ్మ నేకపోతే పోయింది, పోతు ఉంది గదేటి. పోతుకే రాసీ."

రాసేశారు. ఆ దేవుడికి లోటు జరగకూడదని కొమ్ములకి ఆకుపచ్చ గుడ్డ కట్టారు, సాంబ్రాణి పొగ వేశారు. దున్న తుమ్మింది. అది శుభశకునమని జగ్గన్న ప్రకటించి, వెంటనే ఊరికి కట్టు చెప్పాడు. "ఇనండొరే! పెద్దాయన నిష్ఠ మీద ఉన్నాడు. ఎవలి గేదైనా ఆ నిష్ఠ సెడగొట్టినాదా, ఆ ఇంటోడు ఊరందరికీ బోయినం పెట్టాల. తప్పు తప్పే, మొకమాటం నేదు."

ఆ రోజు నుంచి దున్నపోతు పేరు పెద్దాయన.

పెద్దాయన వంకాయ తోట మేశాడు, అరటి పిలకలు మేశాడు, బడిపంతులు ఎండేసుకున్న పంచె మేశాడు. పంతులు దండం పెట్టి తువ్వాలు కట్టుకుని పాఠం చెప్పాడు. పెద్దాయన రోడ్డెక్కి పడుకుంటే బరంపురం బస్సు ఆగిపోయేది. కొత్త డ్రైవరు ఎవరైనా హారను కొడితే ఊరివాళ్ళే గయ్యిమని లేచేవారు. "నిద్దరోతన్నాడు, కనిపించట్లేదేటి?" అని. బస్సులో జనం కూడా ఈ మాట విని గొంతు తగ్గించుకునేవారు.

గేదెలకి మాత్రం కష్టకాలం వచ్చింది. ఎదకి వచ్చిన గేదెని ఇంట్లోవాళ్ళు దొడ్లో పెట్టి తలుపు గడియ వేసేవారు, గడియకి తాడు కట్టేవారు, తాడు పక్కన ముసలమ్మని కూర్చోబెట్టేవారు. ఇంత చేసి, తమ గేదె గుణం మంచిదేనని పొరుగువాళ్ళకి చెప్పుకునేవారు. తవిటయ్యకి ఛాతీ ఉబ్బింది. దేవుడి సొత్తుని ఇంత పద్ధతిగా చూసుకునే ఊరు గంజాం జిల్లాలో ఇంకోటి లేదని తోటలో చెట్టెక్కి మరీ చెప్పేవాడు.

వానాకాలం వెళ్ళింది, చలికాలం వచ్చింది. ఇంతలో ఊళ్ళో ఒక వింత మొదలైంది. పాలు తగ్గిపోతున్నాయి. ఒకరోజు తవిటయ్య ఇంటికొచ్చేసరికి దొడ్లో గేదె లేదు.

"గేదేది?" అన్నాడు.

"మా పుట్టింటికి తోలీసినాను. ఒంట్లో బాగోనేదు. గాలి మార్పు" అంది దేముడమ్మ, చేటతో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండా. ఆవిడ పుట్టిల్లు రెండు ఊళ్ళ అవతలే.

"గేదెకి గాలి మార్పేటే?"

"నీకు కొబ్బరిసెట్టు తెలుసు. గేదె తెలుసా? తెలదు గదా. ఊరుకో."

నిజమే, తెలియదు. ఊరుకున్నాడు. తర్వాత జగ్గన్న గేదె అత్తవారింటికి వెళ్ళింది. పక్కింటి అమ్మణ్ణి గేదెకి కడుపుబ్బరం చేసి, అదీ పుట్టింటికి వెళ్ళింది. ఒక్కొక్కటే ఊళ్ళో గేదెలన్నీ గాలి మార్పుకి బయల్దేరాయి. నడుమూరంతా నల్ల టీ తాగడం మొదలుపెట్టింది. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు, అందరూ తేలు కుట్టిన దొంగల్లా తిరుగుతున్నారు. మగవాళ్ళు మాత్రం ఎన్నడూ లేనిది అత్తగారి మీద బెంగపెట్టుకుని వారానికోసారి వెళ్ళి, కాస్త ఒళ్ళు చేసి తిరిగొస్తున్నారు. తవిటయ్యకి ఇందులో ఒక్క ముక్క అంతుపట్టలేదు. పెద్దాయనకి సేవలో ఏదో లోపం జరిగిందని, అందుకే ఊరు వట్టిపోయిందని భయపడి ఇంకో ముద్ద పసుపు రాశాడు.

మామిడిపళ్ళు అయిపోవస్తున్న రోజుల్లో, కాయల లెక్క చెప్పడానికి బడా బజారు వెళ్తే బీబమ్మగారు నవ్వుతూ అడిగారు. "ఏం తవిటయ్యా, దూడలెన్ని?"

"ఏ దూడలండి?"

"దున్నకి పుట్టినవయ్యా!"

దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. బీబమ్మగారికి మతి గానీ తప్పలేదు కదా అనుకుని, తవిటయ్య మెల్లగా, పెద్దాయన నిష్ఠ గురించి, గడియల గురించి, ముసలమ్మల కాపలా గురించి ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్తున్నకొద్దీ ఆవిడ మొహంలో రంగు మారింది.

"అంటే ఏడాది నుంచీ దాన్ని బ్రహ్మచారిగా కూర్చోబెట్టారా?"

"మరి దేవుడిది గదండి..."

"దేవుడి పేరున పెట్టేది పని మాన్పించడానికా? అందరికీ పనికి రావాలనే కదయ్యా! దూడ కోసమే దాన్ని కొన్నాను. దూడ లేకపోతే నీ తోట ఉండదు. వచ్చే వారం నయీం చూడ్డానికి వస్తున్నాడు. నేనేం చెప్పను?"

తవిటయ్యకి కాళ్ళ కింద చెట్టు విరిగినట్టయింది. గేదె ఈనాలంటే పది నెలలు కావాలి, చేతిలో ఉన్నది వారం. తిరుగు బస్సులో కూర్చుని తన చెట్లన్నీ కళ్ళముందు కూలిపోతున్నట్టు ఊహించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఊరు చేరగానే అందర్నీ పోగేసి సంగతి చెప్పాడు. "పెద్దాయన పనే అదంటొరే! నిష్ఠా నేదు, ఏటీ నేదు. దూడ కనిపించకపోతే తోట నరికీత్తారంట. ఎవలి గేదైనా, పొరపాటునైనా..."

అందరూ జగ్గన్న వైపు చూశారు. జగ్గన్న ఆకాశం వైపు చూశాడు. "పని ఏదైనా కట్టు కట్టే. దేవుడికి ఇడిసినాక నిష్ఠ సెడగొడితే తప్పు తప్పే. బోయినం బోయినమే" అన్నాడు. దేముడమ్మ లేవబోయి మళ్ళీ కూర్చుంది. ఊరందరికీ భోజనం పెట్టాలంటే ఎవరికి చేతనవుతుంది? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. సభ చప్పుడు లేకుండా చెదిరిపోయింది. తవిటయ్య తోటలోకి వెళ్ళి చెట్టు మొదట్లో కూలబడ్డాడు. ఎక్కడానికి కూడా మనసు రాలేదు.

అన్నమాట ప్రకారం నయీం, డ్రైవరు నడిపే జీపులో బీబమ్మగారిని తీసుకుని వచ్చాడు. పెద్దాయన ఎదురెళ్ళి జీపు అద్దం నాకాడు. కుర్చీలు వేశారు, టీ ఇచ్చారు. నయీం గ్లాసులోకి తొంగి చూశాడు. "దుధొ కాహిఁ? పాలేవయ్యా?" అన్నాడు.

"నేవు బాబూ" అన్నాడు తవిటయ్య.

ఇంకో ఇంటి నుంచి తెచ్చారు. అదీ నలుపే. మూడో ఇంటిదీ నలుపే. నయీం గ్లాసు కింద పెట్టి మేనత్త వైపు తిరిగాడు. "పాలు పెంచుతావని దున్నని కొన్నావు అత్తమ్మా. ఉన్న పాలు కూడా పోయాయి. ఊళ్ళో గేదె ఒక్కటి లేదు, ఇక దూడ ఎక్కణ్ణుంచి వస్తుంది? మాట మాటే. వచ్చే నెల నుంచి చెట్లు కొట్టిస్తాను."

అందులో నయీం తప్పేమీ లేదు, కళ్ళకి కనిపించిందే అన్నాడు. బీబమ్మగారు తల దించుకున్నారు. తవిటయ్య భుజం మీద తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడు గుంపులోంచి దేముడమ్మ నడిచి వచ్చింది. బీబమ్మగారి ముందు నిలబడి, కొంగు రెండు చేతులతో పట్టుకుంది.

"తప్పు మాది తల్లీ. మా గేదె పెద్దాయన నిష్ఠ సెడగొట్టినాది. గడియ ఏసినాను, తాడు కట్టినాను, దొడ్డి కంచె దూకొచ్చీసినాడు. సూడి కట్టినాదని తెలిసి మా అన్న ఇంట్లో దాసీసినాను. ఈనినాది. పెయ్యదూడ. మా ఆయనకి ఏటీ తెలదు. ఊరికి బోయినం నాను పెడతాను. తోట మాత్రం కొట్టించకండి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఊరు మొత్తం కదిలింది. పక్కింటి అమ్మణ్ణి ముక్కు చీదుతూ ముందుకొచ్చింది. "ఓలమ్మా, మీదొక్కటేననుకుంటన్నావా? మాదీ అంతే. సిగ్గుతో సచ్చిపోతన్నాను." ఆవిడ వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక మరో ఇంటివాళ్ళు. ప్రతి ఇంటివాళ్ళూ తమ గేదె ఒక్కటే దారి తప్పిందని, మిగతా ఊరి గేదెలన్నీ పతివ్రతలని అనుకుని ఏడాదంతా కుమిలిపోయారట. మెల్లగా అందరి చూపులూ జగ్గన్న మీద వాలాయి. జగ్గన్న ఆకాశంలో మబ్బులేమైనా ఉన్నాయేమోనని చూశాడు, లేవు.

"అందరికన్నా ముందు మాదే" అన్నాడు చివరికి, నేల చూపులు చూస్తూ. "కట్టు సెప్పిన వారంలోనే."

నయీం వెంటనే నమ్మలేదు. కంటితో చూడాలన్నాడు. జీపులో తవిటయ్యని ఎక్కించుకుని దేముడమ్మ పుట్టింటికి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు జీపు వెనక సీట్లో నయీం, నయీం ఒళ్ళో దూడ. ఎత్తుగా, నల్లగా, నిగనిగలాడుతోంది. ఆయన చొక్కా గుండీలు ఒక్కొక్కటే చప్పరిస్తోంది. ఆయన వద్దంటూనే నవ్వుతున్నాడు. పొద్దువాలేసరికి చుట్టుపక్కల ఊళ్ళనుంచి గేదెలన్నీ దూడల్ని వెంటేసుకుని నడుమూరు దారి పట్టాయి. కొన్ని ఇంకా నిండుచూడితో ఉన్నాయి. డప్పులు మోగాయి. పెద్దాయన దారికి అడ్డంగా పడుకుని అంతా చూస్తూ నెమరు వేశాడు.

భోజనాల సంగతి తేలలేదు. అందరూ తప్పు చేశారు కాబట్టి అందరూ అందరికీ పెట్టాలని జగ్గన్న తీర్పు చెప్పాడు. "అలా అయితే ఏడాదంతా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించక్కర్లేదు" అన్నారు బీబమ్మగారు, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతూ. ఆఖరికి అందరూ కలిసి తోటలో ఒకేసారి వండారు. నయీం జున్ను రెండోసారి అడిగి వేయించుకున్నాడు. తోట నిలిచింది. తర్వాతి రోజుల్లో నడుమూరు ఆడవాళ్ళ పాల క్యాన్లతో బరంపురం బస్సులో మనుషులకి చోటు దొరికేది కాదు. అయితే అదంతా తర్వాతి కథ.

దూడలు ఊరు చేరిన ఆ రాత్రి జనం వెళ్ళిపోయాక, దొడ్డి ముందు కూర్చుని తవిటయ్య భార్యని అడిగాడు. ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ.

"ఊళ్ళోవోళ్ళకి సెప్పకపోతే సెప్పకపోయినావు. నాకెందుకు సెప్పనేదే?"

"నీకు సెప్తే ఏటి సేద్దువు? దాసితే బీబమ్మగారి ఉప్పు తిని అబద్ధమాడినట్టు. సెప్పీత్తే పెళ్ళాం మీద ఊరి తప్పు ఏయించినట్టు. ఏది సేసినా నువ్వు నిద్దరోవు. అందుకే నాను మోసినాను."

"మరి ఇయాల సెప్పీసినావు?"

"తోట పోతే నువ్వు బతకవు గదా."

"ఊరందరికీ నువ్వొక్కదానివే బోయినం ఎలా పెట్టీదానివి?"

దేముడమ్మ గేదె వైపు చూసింది. ఆ ఇంట్లో ఆవిడకంటూ ఉన్నది అదొక్కటే. "దాన్ని అమ్మీసి" అంది.

తవిటయ్యకి ఏడుపు ఆగలేదు. అలా ఏడుస్తూనే లేచాడు, వామిలోంచి గడ్డి దూసి తెచ్చి గేదె ముందు వేశాడు. పెళ్ళయిన తర్వాత ఆయన గేదెకి గడ్డి వెయ్యడం అదే మొదటిసారి.